ఆటిజం ఉన్న పిల్లలకి విటమిన్లు, సప్లిమెంట్లు ఎలా మొదలుపెట్టాలి?

మా బాబు నాలుగేళ్లప్పుడు తినేవి లెక్కపెడితే ఐదే. పెరుగన్నం, ఇడ్లీ, పాలు, చిప్స్, ఒకే రకం బిస్కెట్. ఎవరో చెప్పారని నేను నాలుగు రకాల పౌడర్లు ఒకేసారి కొనేసి ఇవ్వడం మొదలుపెట్టా, పది రోజులకి విరేచనాలు పట్టుకున్నాయి, దేనివల్లో కనిపెట్టే దారే లేదు. అందుకే ఏది ముందు ఏది తర్వాత అన్నది రాస్తున్నా. ఆటిజాన్ని పోగొట్టే విటమిన్ ఏదీ లేదండి. ఒంట్లో నిజంగా లోటు ఉంటే పూడ్చగలం, దాంతో నిద్ర, నీరసం లాంటివి కొంచెం మెరుగవ్వొచ్చు, అంతే.

1. ముందు వారం రోజులు అన్నీ రాయండి
ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, వేడిగానా చల్లగానా, కరకరలాడేదా మెత్తనిదా, మోషన్ ఎప్పుడు అయ్యింది, రాత్రి ఎన్నిసార్లు లేచాడు. మట్టి, సున్నం, పెయింట్ పెచ్చులు నోట్లో పెట్టుకుంటుంటే అది తప్పకుండా రాయండి, ఐరన్ తక్కువైన పిల్లల్లో అలా ఉండొచ్చు, పెయింట్ తింటే సీసం పరీక్ష కూడా అడగాలి.

2. ఆ నోట్‌బుక్ తీసుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి
మామూలుగా చూసేవి సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), విటమిన్ డి, శాకాహారులైతే బీ12. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెర్రిటిన్ తక్కువ ఉండొచ్చు, నిద్రలో కాళ్లు కొట్టుకుంటూ దొర్లే పిల్లలకి అది చూడమని అడగండి. పళ్లూ కూరలూ అస్సలు ముట్టకపోతే సి విటమిన్ సంగతి కూడా చెప్పండి, అలాంటి పిల్లల్లో స్కర్వీ వచ్చి కాళ్ల నొప్పితో నడక మానేసిన కేసులు ఉన్నాయి.

3. తిండిలోనే కొంచెం కొంచెం మార్చండి
ఇది నెలల పని. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకి రోజుకి 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. ఇడ్లీ తింటాడు కాబట్టి పిండిలో ఒక్క స్పూను రాగిపిండితో మొదలుపెట్టా, రెండు వారాలకి రెండో స్పూను. కానీ ఒక్క జాగ్రత్త, వాడికి ప్రాణమైన పెరుగన్నంలో మాత్రం మందు గానీ పౌడర్ గానీ కలపకండి, రుచి తేడా పసిగడితే ఆ ఒక్కటీ మానేస్తారు, అప్పుడు మిగిలే నాలుగూ ఏం సరిపోతాయి చెప్పండి. మలబద్ధకం ఉంటే ముందు అది చూడండి, కడుపు బిగిసి ఉన్నవాడికి ఆకలెక్కడిది.

గోధుమ, పాలు మానేస్తే ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు), అలర్జీ తేలితే వేరే సంగతి. అప్పుడు కూడా పాలు ఆపేస్తే కాల్షియం ఎక్కడినుంచి వస్తుందో ముందే డైటీషియన్‌ని అడగండి. కొట్టులో దొరికే ఇంగువలో కూడా చాలావరకు గోధుమపిండి కలుస్తుంది, లేబుల్ చూడండి.

4. సప్లిమెంట్ ఒక్కటే మొదలుపెట్టండి
రెండు మూడు వారాలు చూసి, నోట్‌బుక్‌లో రాసి, అప్పుడే రెండోది. ఐరన్ సిరప్ పాలతో ఇవ్వకండి, బత్తాయి రసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది, మోషన్ నల్లగా వస్తే భయపడకండి. సీసా మాత్రం తాళం వేసి పెట్టండి, ఐరన్ ఎక్కువ తాగేస్తే ప్రాణం మీదకి వస్తుంది. విటమిన్ డి సాచెట్లలో 60,000 యూనిట్లుంటాయి, రోజువారీ అవసరం 600 మాత్రమే, వారానికొకటి అని రాసిచ్చింది పొరపాటున రోజూ వేసేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. ఒమేగా 3 వల్ల పెద్ద తేడా ఉంటుందని తేలలేదు. నిద్రకి మెలటోనిన్ కొందరికి పనిచేస్తుంది, కానీ డాక్టర్ డోసు చెప్పాకే.

5. ఇవి వద్దు
పెద్ద డోసుల బీ6 వద్దు. ఎక్కువకాలం వాడితే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి, మాటలు రాని పిల్లాడు తిమ్మిరి అని మనకి ఎలా చెప్తాడు? ఒంట్లో లోహాలు తీసేస్తామనే చీలేషన్ అస్సలు వద్దు, 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆ ఇంజెక్షన్‌కి ఐదేళ్ల ఆటిజం బాబు చనిపోయాడు.

6. మూడు నెలలకి మళ్లీ పరీక్ష
వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న సీసాలు, డబ్బాలు, గమ్మీలు, ఆయుర్వేదం మందులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, మూడు డబ్బాల్లోనూ అదే విటమిన్ డి ఉందని మాకు అలాగే తెలిసింది.