పిల్లికి ఇంట్లో ఇన్సులిన్: సీసా, సిరంజి జత కుదరాలి

మనుషులకు పీల్చే ఇన్సులిన్ ఉంది కదా, పిల్లికీ అదే పట్టొచ్చా అని అడుగుతుంటారు. కుదరదు. అందులో అతి చిన్న మోతాదే 4 యూనిట్లు. పిల్లికి చాలామంది డాక్టర్లు మొదలుపెట్టేది పూటకు 1 యూనిట్ దగ్గర. అయినా అడగ్గానే గట్టిగా ఊపిరి పీల్చే పిల్లి ఎక్కడుంది? 12 గంటలకోసారి చర్మం కింద సూది వేయాల్సిందే.

నెల్లూరైనా ఒంగోలైనా, మందుల షాపులో ఇన్సులిన్ రెండు రకాలు: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజిలూ అలాగే. ఎర్రమూత 40కి, నారింజమూత 100కి. మూత రంగుతో సరిపెట్టుకోక సిరంజి మీద అంకె చదవండి. 100 మందును 40 సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 2.5 యూనిట్లు. ప్రాణం మీదికొస్తుంది. తారుమారైతే 0.4 మాత్రమే, షుగర్ దిగదు, మందు పనిచేయట్లేదని మోతాదు పెంచేస్తారు.

పిల్లి తిన్నాకే సూది. తినకపోయినా, వాంతి చేసుకున్నా సూది ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. పెరుగన్నం తగ్గించి ఉప్పూకారం లేని ఉడికించిన కోడి, ముల్లు తీసిన చేప పెట్టడం మంచిదే. కానీ అన్నం తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది, అందుకే చెప్పి మార్చండి.

తెల్లగా మబ్బుగా ఉండే మందైతే సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. బుడగలు పోగొట్టి, పక్కటెముకల పక్కన చర్మం పైకి లేపి, ఆ మడత మొదట్లో సూది దించండి. బొచ్చు తడిగా తగిలితే సూది అవతలికి దూరినట్టే. ఎంత లోపలికి పోయిందో తెలీదు కాబట్టి మళ్లీ వేయొద్దు.

రోహిణి కార్తెలో సీసా బయట వదలొద్దు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఐసు పెట్టెకు దూరంగా ఉంచండి. గడ్డకడితే పారేయాల్సిందే. తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లేటప్పుడు గుడ్డ చుట్టి ఐసున్న ఫ్లాస్కులో పెట్టండి.

ప్రయాణం బెదురుకే పిల్లి షుగర్ పెరుగుతుంది. అందుకే డాక్టరు చెప్పిన రోజు ఇంట్లోనే చెవి అంచున గుచ్చి, ఆ రక్తపు చుక్కతో మీటరులో షుగర్ చూసి, రెండు గంటలకోసారి 12 గంటలు రాసిపెట్టండి. మనుషుల మీటరు పిల్లికి సాధారణంగా కాస్త తక్కువ చూపుతుంది.

తూలుతున్నా, వణుకుతున్నా, మీటరు 60 కంటే తక్కువ చూపినా వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే తేనె చిగుళ్లకు రాయండి. నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాస్త తేరుకున్నా డాక్టరుకు చూపించాలి, ఆయన చెప్పేదాకా తర్వాతి సూది వేయొద్దు.