సైట్ పెట్టినా గూగుల్‌లో రావట్లేదా? ప్యాకేజీ కొనే ముందు ఇవి చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు దుకాణాల సైట్ల మీద వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "సైట్ మంచిగనే ఉంది, గూగుల్‌లో వెతికితే మాత్రం రాదు." ఈ మాట ఎక్కడన్నా అన్నారంటే చాలు, ఎవరో ఒకరు నెలనెలా కట్టే ఎస్‌ఈఓ (గూగుల్‌లో సైట్ పైకి వచ్చేలా చేసే పని) ప్యాకేజీ అంటగడతారు. పైసలు కట్టే ముందు ఐదు నిమిషాలు ఆగండి.

సమస్య: దుకాణం పేరు కొట్టినా రావడం లేదు.

గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాసి వెతకండి. ఒక్క పేజీ కూడా రాలేదా? సైట్ వర్డ్‌ప్రెస్‌లో తయారు చేసింది అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరిచి, సెర్చ్ ఇంజిన్లను రావద్దనే 'డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్' దగ్గర టిక్ ఉందేమో చూడండి. పని నడుస్తున్నప్పుడు డిజైనర్ పెడతాడు, సైట్ అప్పజెప్పేటప్పుడు తీయడం మరిచిపోతాడు. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని చూడకుండానే ఫోన్ చేస్తారు! టిక్ తీసేసి, సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకు గూగుల్ ఉచితంగా ఇచ్చే టూల్) యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లి ఇండెక్సింగ్, అంటే పేజీని గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడం, అడగండి. సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రావచ్చో, రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో కూడా అడ్డం పెట్టి ఉంటే అదీ తీయాలి, ఎందుకంటే గూగుల్‌ను పేజీలోకే రానివ్వకపోతే మీరు లోపల ఏం మార్చారో దానికి తెలియదు. ఆ తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. రోజూ రిక్వెస్ట్ పెట్టినంత మాత్రాన తొందరగా రాదు.

సమస్య: పేరు కొడితే వస్తుంది, "గద్వాల చీరలు" అని తెలుగులో కొడితే రాదు.

నన్ను బాగా సతాయించింది ఇదే. సెర్చ్ కన్సోల్ తెరిస్తే పేజీ ఇండెక్స్ అయిందనే చూపిస్తుంది. ఫోన్‌లో చూస్తే తెలుగు ముత్యాల్లా కనిపిస్తుంది. తప్పు ఎక్కడా దొరకదు.

అసలు సంగతి ఆ తెలుగు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది. సైట్‌కు మ్యాటర్ కావాలంటే మనవాళ్లు పెళ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టే డీటీపీ సెంటర్‌కు పోయి అను ఫాంట్‌లో టైప్ చేయిస్తారు. ఆ పాత ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే, ఫాంటు వాటి మీద తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు వేస్తుందంతే. డిజైనర్ ఆ ఫాంటును కూడా సైట్‌లోకి ఎక్కించాడంటే మన కంటికి తెలుగే, గూగుల్‌కు మాత్రం అర్థం లేని గజిబిజి. దుకాణం పేరు, టైటిల్ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి అవొక్కటే దొరుకుతాయి. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఫ్లెక్సీ డిజైన్‌నే ఫొటోగా పెట్టేస్తారు, అప్పుడు పేజీలో చదవడానికి అక్షరమే ఉండదు.

పట్టుకోవడం సులువు. పేజీలో ఒక వాక్యాన్ని వేలితో నొక్కి పట్టుకుని కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగులో వస్తే మీ సమస్య ఇది కాదు. డాలర్ గుర్తులు, చుక్కలు, ఇంగ్లీషు అక్షరాలు కలగాపులగంగా వస్తే ఇదే. అసలు సెలెక్టే కాకపోతే అది ఫొటో.

అనులో ఉన్నదాన్ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి (ఫోన్లు, గూగుల్ తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి) మార్చండి, కానీ మార్చింది మార్చినట్టే పెట్టకండి. వత్తులు ఎగిరిపోతాయి, అంకెలు, రూపాయి గుర్తు తారుమారవుతాయి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఉండటమే గద్వాల చీర గొప్ప, మీ పేజీలో అది "పటు అంచు" అయితే ఎవరు వెతికేది? లైను లైను పైకి చదువుతూ సరిచేయండి. పాత ఫాంటును సైట్ నుంచి పూర్తిగా తీసేసి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ పెట్టండి, రెండూ ఉచితమే. ఫొటోలో ఉన్న మ్యాటర్‌ను మాత్రం మళ్లీ టైప్ చేయక తప్పదు. పేజీ అడ్రస్ (యూఆర్‌ఎల్) మాత్రం పాతదే ఉంచండి.

సమస్య: వస్తుంది గానీ ఎక్కడో అడుగున.

"నాణ్యతే మా లక్ష్యం" అని ఎవరూ వెతకరు. దుకాణానికి వచ్చినవాళ్లు అడిగేవే రాయండి: ధర ఎంత నుంచి మొదలు, ఇంట్లో ఉతకొచ్చా, ఊరికి పంపిస్తారా. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి టైటిల్‌లో రెండూ ఉండాలి. జిల్లా కూడా సరిచూసుకోండి. 2016లో గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాలోకి, పోచంపల్లి యాదాద్రి భువనగిరిలోకి వెళ్లాయి, 2019లో నారాయణపేట వేరే జిల్లా అయింది, అయినా సైట్లలో దుకాణం అడ్రస్‌లో పాత జిల్లానే ఉంటుంది. కొత్త జిల్లా రాసి, పాతది కూడా వాక్యంలో ఒకచోట వచ్చేట్టు చూడండి. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనిపించకుండా రాసే వెతుకుడు మాటలు) నింపుతూ కూర్చోకండి, ర్యాంకింగ్‌కు వాటిని వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఇక గూగుల్ పెనాల్టీ వేసిందేమో, సైట్ హ్యాక్ అయిందేమో అని టెన్షన్ పడేవాళ్లు సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (పెనాల్టీ ఉంటే ఇక్కడ), సెక్యూరిటీ ఇష్యూస్ (హ్యాక్ అయితే ఇక్కడ) ఒకసారి చూడండి. అక్కడ ఏమీ లేకపోతే ఆ ఆలోచన వదిలేసి, పేజీ నెమ్మదిగా తెరుచుకోకుండా ఫోన్‌లో తీసిన పెద్ద పెద్ద ఫొటోల సైజు తగ్గించి ఎక్కించండి.