క్రిస్టియన్ స్కూలులో చేర్చేముందు చదవాల్సిన కాగితాలు

అమెరికాలో పిల్లల్ని పబ్లిక్ స్కూలు (ప్రభుత్వ బడి) మాన్పించి క్రిస్టియన్ స్కూలులో వేయాలనుకునే తెలుగువాళ్లు నన్ను ముందుగా ఫీజు ఎంతని అడుగుతారు. ఎందుకు మాన్పిస్తున్నారని నేను అడుగుతాను. “పబ్లిక్ స్కూల్లో ప్రార్థన నిషేధం కదండీ” అన్న జవాబే ఎక్కువసార్లు వస్తుంది. అది నిజం కాదు. సుప్రీంకోర్టు 1962, 1963 తీర్పుల్లో తప్పుపట్టింది స్కూలు తానే ప్రార్థన జరిపించడాన్ని, బైబిలు చదివించడాన్ని. మీ అమ్మాయి భోజనానికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటే ఎవరూ కాదనడానికి లేదు. అలా కాక, రోజూ పాఠాలతోపాటు బైబిలు వాక్యం కూడా నేర్పాలన్నదే మీ కోరిక అయితే ముందుకు వెళ్లండి. 1925లో పియర్స్ కేసు తీర్పుతోనే ఆ దారి తెరిచి ఉంది: పిల్లలందరూ పబ్లిక్ స్కూలుకే వెళ్లాలన్న ఒరెగాన్ చట్టాన్ని కోర్టు కొట్టేసింది.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. పబ్లిక్ స్కూల్లో మీకు అండ చట్టం. ప్రైవేటు స్కూల్లో అండ మీరు సంతకం పెట్టిన ఒప్పందమే. నేను ఒక క్రిస్టియన్ స్కూల్లో లెక్కలు చెప్పినప్పుడు, తల్లిదండ్రులు ఆ ఒప్పందాన్ని చివరి పేజీ నుంచి మొదలుపెట్టడం చూసేదాన్ని. సంతకం పెట్టే చోటు అక్కడే ఉంటుంది మరి!

మొదట విశ్వాస ప్రకటన, అంటే స్కూలు ఏం నమ్ముతుందో రాసిన కాగితం, అడిగి తీసుకోండి. బోర్డు మీద ‘క్రిస్టియన్’ అని ఉంటే చాలదు. కొన్ని స్కూళ్లు తల్లిదండ్రుల్లో ఒకరైనా విశ్వాసి అయి ఉండాలంటాయి, పాస్టరు గారి ఉత్తరం కూడా అడుగుతాయి. కొన్ని ఎవరినైనా చేర్చుకుంటాయి. మీ సంఘంలో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తుంటే, స్కూలు దాన్ని ఒప్పుకోకపోతే, ఆ ప్రశ్న ఏదో ఒకరోజు మీ భోజనాల బల్ల దగ్గరికి వస్తుంది. కేథలిక్ స్కూళ్లలో సాధారణంగా రెండో తరగతిలో పిల్లల్ని మొదటి దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్) సిద్ధం చేస్తారు. కేథలిక్ కాని పిల్లలు ఆ క్లాసులో కూర్చుంటారు గాని ప్రసాదం తీసుకోరు. ఈ సంగతి బిడ్డకు ముందే చెప్పి ఉంచండి.

తర్వాత సైన్సు పుస్తకం. ఏడో తరగతిది చేతికి తీసుకుని భూమి వయసు, జీవపరిణామం ఉన్న పేజీలు తెరవండి. చాలా క్రిస్టియన్ స్కూళ్లు వాడే అబేకా, బాబ్ జోన్స్ ప్రచురణల పుస్తకాలు సృష్టిని ఆదికాండం ప్రకారం అక్షరాలా చెబుతాయి. కేథలిక్ స్కూళ్లు మామూలుగా పరిణామాన్ని సైన్సుగానే బోధిస్తాయి. మీకు ఏది సమ్మతమో మీ ఇష్టం, కానీ తెలియకుండా మాత్రం చేర్చకండి. ఎ.సి.ఇ. (యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్) విధానమైతే మరీ వేరు: పిల్లలు అడ్డుపలకల మధ్య ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని చిన్న పుస్తకాలు వాళ్లంతట వాళ్లే పూర్తిచేస్తారు, సందేహం వస్తే బల్ల మీద చిన్న జెండా నిలబెడతారు. సొంతంగా చదువుకోగల పిల్లకు అది హాయి. నోరు తెరిచి వాదిస్తే తప్ప బుర్రకెక్కని పిల్లాడికి శిక్షే.

బిడ్డకు స్పీచ్ థెరపీ గాని, ప్రత్యేక బోధన గాని అందుతుంటే ఇక్కడ నిదానించండి. 1975 నాటి చట్టం వల్ల పబ్లిక్ స్కూలు అవన్నీ ఉచితంగా ఇచ్చి తీరాలి. మీ అంతట మీరు ప్రైవేటుకు మారిస్తే ఆ వ్యక్తిగత హక్కు మీతో రాదు. పబ్లిక్ స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ కొన్ని సేవలు ఇవ్వవచ్చు, అన్నీ ఇస్తుందనుకోవద్దు. కొత్త స్కూల్లో ఈ పని చేసే మనిషి పేరు, వారానికి ఎన్ని గంటలు వస్తారో అడగండి. “మేం ప్రేమగా చూసుకుంటాం” అన్నది జవాబు కాదు.

గుర్తింపు సంగతి హైస్కూలుకు ముఖ్యం. స్కూళ్లను పరిశీలించి గుర్తింపు ఇచ్చే ఎ.సి.ఎస్.ఐ., కాగ్నియా వంటి సంస్థల గుర్తింపు ఉంటే, మధ్యలో స్కూలు మారినా పూర్తిచేసిన సబ్జెక్టుల క్రెడిట్లు కొత్త స్కూల్లో చెల్లుబాటు చేసుకోవడం తేలిక.

ఇక డబ్బు. ట్యూషన్ (స్కూలు చదువు ఫీజు) ఒక్కటే చూడకండి. రిజిస్ట్రేషన్, పుస్తకాలు, యూనిఫాం, ఆటలు, మధ్యాహ్న భోజనం కలిపి ఏడాది మొత్తం రాయించుకోండి. చదువు కోసం దాచుకునే 529 ఖాతా నుంచి ట్యూషన్‌కు ఫెడరల్ పన్ను లేకుండా వాడుకోవచ్చు: ఏటా ఒక్కో బిడ్డకు పరిమితి 2025 దాకా 10,000 డాలర్లు, 2026 నుంచి 20,000. రాష్ట్రం పన్ను వేయవచ్చు, అది చూసుకోండి. అరిజోనా 2022లో, ఫ్లోరిడా 2023లో ప్రైవేటు చదువుకు ప్రభుత్వ సాయాన్ని అన్ని కుటుంబాలకూ తెరిచాయి. ఒప్పందంలో మానేసే షరతు చదవండి: అక్టోబరులో మాన్పించినా ఏడాది ఫీజు మొత్తం కట్టాలని చాలాచోట్ల ఉంటుంది.

ఇంట్లోనే చెప్పుకుందామంటే 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. టెక్సాస్‌లో రాష్ట్రానికి తెలియజేయనక్కర్లేదు, న్యూయార్క్‌లో ప్రణాళికతోపాటు మూడు నెలలకోసారి నివేదిక పంపాలి.

స్కూలు చూడటానికి, వాళ్లే అందరినీ పిలిచి చూపించే ఓపెన్ హౌస్ రోజున కాదు, మామూలు మంగళవారం వెళ్లండి. ఒక పిల్లవాడి వ్యాసం చూపించమనండి. టీచరు కింద “చాలా బాగుంది” అని రాసి వదిలేశారా, వాక్యం వాక్యం దిద్దారా అన్నది చూస్తే చదువు సంగతి తెలుస్తుంది. నచ్చితే సీటు ఖాయమైనట్టు రాతపూర్వకంగా తీసుకున్నాకే పబ్లిక్ స్కూలుకు చెప్పండి. మార్కుల రికార్డు, టీకాల కాగితం అదే రోజు అడిగి తెచ్చుకోండి.