ఓపెన్ టాప్ కారు మార్చే ముందు

పాత రోడ్‌స్టర్‌ని, అంటే రెండు సీట్ల ఓపెన్ టాప్ కారుని, అమ్మేసిన వారంలోపు షోరూంకి వెళ్లకండి. ఆ బెంగలో ఏది చూసినా నచ్చుతుంది, లేదా ఏదీ నచ్చదు.

• పాతదానిలో నిజంగా ఏం నచ్చిందో కాగితం మీద పెట్టండి. నాకైతే పైకప్పు కంటే గేరు లివర్ మీదే మమకారమని తేలింది!

• మాజ్దా ఎమ్‌ఎక్స్-5 మీద ఆశ పెట్టుకోవద్దు, మన దేశంలో ఆ కంపెనీ కార్లు అమ్మదు. బీఎండబ్ల్యూ జెడ్4కి రెండే సీట్లు. మినీ కన్వర్టిబుల్‌కి నాలుగున్నా వెనకవి పిల్లలకే సరి.

• సెకండ్ హ్యాండ్‌దైతే గుడ్డ కప్పుని వదలకుండా చూడండి. వెనక అద్దం చుట్టూ అంచు విడిపోయిందా? మడత పడే చోట అరిగిందా? కప్పు మీద రెండు బకెట్ల నీళ్లు పోయించి, సీటు వెనక కార్పెట్ కింద వేలు పెట్టండి. తడి తగిలితే నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోయి ఉండొచ్చు. వేపచెట్టు కింద నిలిపే కార్లకి ఇది మామూలే. కప్పుని మూడుసార్లు తెరిచి మూయించండి, ఒక్కసారి ఆగినా బేరం ఆపండి.

• వేరే రాష్ట్రం నంబరైతే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క ముందే తేల్చుకోండి.

• టెస్ట్ డ్రైవ్ ఔటర్ రింగ్ రోడ్ మీద కాదు, మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద, మీ సెల్లార్ ర్యాంపు మీద చెయ్యండి. అడుగుభాగం గీసుకుంటే ఆ చప్పుడు అక్కడే వినిపిస్తుంది.

• మే నెల మధ్యాహ్నం ఒకసారి కప్పు తీసి పంజాగుట్ట సిగ్నల్లో నిలబడి చూడండి. అప్పటికీ కావాలనిపిస్తే అడ్వాన్స్ ఇచ్చెయ్యండి.