కమ్మల కొక్కేలు ఇంట్లోనే

కమ్మలు సొంతంగా చేసుకునేవాళ్లు కొక్కేలు కొనక్కర్లేదు. 20 గేజ్ తీగ, అంటే సుమారు 0.8 మిల్లీమీటర్ల మందం, సరిపోతుంది. 5 సెంటీమీటర్ల ముక్కలు రెండు కత్తిరించి, గుండ్రటి ముక్కు పటకారుతో ఒక్కో ముక్కకి ఒక కొసన మాత్రం చిన్న చుట్టు తిప్పండి. తర్వాత రెండిటినీ పక్కపక్కన పెట్టి, స్కెచ్ పెన్ మీద ఒకేసారి వంచండి. నేను మొదట్లో విడివిడిగా వంచితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి!

చెవిలోకి వెళ్లే కొసను గోళ్ల ఫైల్‌తో గుండ్రంగా అరగదీయాలి. బుగ్గ మీద రాసి చూడండి, గీరుకుంటే ఇంకా అరగదీయాల్సిందే. వంపు మీద సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేస్తే తీగ గట్టిపడి, ఆకారం చెదరదు. నికెల్ కలిసిన చవక తీగ మాత్రం వద్దు, కొందరికి చెవులు దురదపెట్టి పుండు పడతాయి. వాళ్లకి వెండి తీగే మేలు.