మూడు పంక్చర్లు, ఒకటే దొంగ

శంకర్‌పల్లి మీదుగా అనంతగిరి కొండలకు సైకిల్ మీద వెళ్లిన మూడు ఆదివారాలూ వెనక టైరే పంక్చర్. ట్యూబు మార్చడం, 40 కిలోమీటర్లు తిరిగేసరికి మళ్లీ మెల్లగా గాలి దిగిపోవడం. వచ్చే నెల 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. టెన్షన్ పట్టుకుంది.

ఈసారి ట్యూబు వాల్వును టైరు మీది పేరు పక్కనే ఉండేలా పెట్టి బిగించాను. గాలి పోయాక ట్యూబును బకెట్ నీళ్లలో ముంచితే, బుడగలు వాల్వుకు జానెడు దూరంలో వచ్చాయి. టైరు లోపల ఆ పేరు నుంచి సరిగ్గా అంతే దూరంలో, అటూ ఇటూ దూదితో తుడిచాను. వేలికి తగలనిది దూదిని పట్టుకుంది: వెంట్రుకంత ఇనుప తీగ! పేలిన లారీ టైర్లలోంచి రోడ్డు అంచున రాలేవి ఇవే. నెయిల్ కట్టర్‌తో లాగేశాను. అనవసరంగా ట్యూబులను తిట్టుకుంటూ కొత్తవి రెండు కొన్నాను కూడా.

ఆ తర్వాత 300 కిలోమీటర్లు తొక్కాను, గాలి కొట్టడమే తప్ప చక్రం విప్పలేదు.