నెలలు పెరిగేకొద్దీ ఆఫీసు కుర్చీలో నడుము నొప్పి: తేడా ఎక్కడ, ఏం చేయాలి

గర్భంతో ఉన్నప్పుడు నాలుగో నెల దాకా బాగానే ఉన్న కుర్చీ ఏడో నెలకి అస్సలు కుదరదు. పొట్ట పెరిగేకొద్దీ బరువు ముందుకు లాగి, నడుము వంపు ఎక్కువవుతుంది. పైగా రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల కటి కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి.

మధ్యాహ్నానికల్లా నడుము పట్టేస్తోంది

మీరు పనిలో ఉండగా పక్క సీటు వాళ్లను ఒక ఫోటో తీయమనండి. నేను అలా తీయించుకున్నాకే నా తప్పు నాకు తెలిసింది. పొట్ట బల్లకు తగులుతోందని కుర్చీ వెనక్కి జరిపాను, కీబోర్డు అందక మళ్లీ కుర్చీ అంచుకు వచ్చి వంగాను. వీపుకీ కుర్చీకీ మధ్య జానెడు ఖాళీ! వీపు ఆననప్పుడు ఎంత ఖరీదైన కుర్చీ అయినా ఒకటే.

ముందు పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోండి. చిన్న తువ్వాలు చుట్టి, నడుము వంపులో పెట్టుకోండి. మరీ లావుగా చుడితే అదే మిమ్మల్ని ముందుకు నెడుతుంది. కీబోర్డు, మౌస్ బల్ల అంచుకు లాక్కోండి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే లావు పుస్తకాల మీద ఎత్తి, విడి కీబోర్డు వాడండి. పొట్ట పెరుగుతూనే ఉంటుంది కాబట్టి రెండు వారాలకోసారి మళ్లీ సర్దుకోవాలి.

కుర్చీలోంచి లేస్తుంటే తుంటి దగ్గర పోటు

కాలు మీద కాలు వేసుకోవడం, ఒక పక్కకే ఒరగడం, నడుము మెలితిప్పి కింది డ్రాయర్ లాగడం వల్ల వదులైన కీళ్ల మీద భారం పడుతుంది. తిరగాలంటే కుర్చీతో సహా తిరగండి. లేచేటప్పుడు అంచుకు జరిగి, మోకాళ్లు దగ్గరగా ఉంచి, చేతులతో ఊతం తీసుకోండి. అయినా తగ్గకపోతే డాక్టర్‌ని అడిగి ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. ఎవరో చెప్పారని నడుము బెల్టు కొనేయకండి.

సాయంత్రానికి చెప్పులు బిగుతు

పాదాలు నేలకు ఆనకపోతే తొడల కింద కుర్చీ అంచు నొక్కి, పాదాల వాపు పెరుగుతుంది. ఫుట్‌రెస్ట్ లేకపోతే ప్రింటర్ పేపర్ కట్ట పెట్టుకోండి. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి. మాటిమాటికీ బాత్రూంకి వెళ్తే ఏమనుకుంటారోనని నీళ్లు తగ్గించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

వేళ్లలో తిమ్మిర్లు

ఒంట్లో నీరు చేరి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుంది. కీబోర్డు అడుగున వెనక వైపు ఉండే చిన్న స్టాండు కాళ్లు మడిచేసి, మణికట్టు వంగకుండా టైప్ చేయండి.

ఇవి కుర్చీ వల్ల వచ్చేవి కావు

నడుము నొప్పి వచ్చి పోతూ, వచ్చి పోతూ ఉన్నా, రక్తం గానీ ఉమ్మనీరు గానీ కనిపించినా, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ముఖం, చేతులు ఒక్కసారిగా వాచినా, మూత్రంలో మంటతో జ్వరం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా తువ్వాలు సర్దుకుంటూ కూర్చోకండి. మీటింగ్ మధ్యలో ఉన్నా సరే, లేచి డాక్టర్‌కి ఫోన్ చేయండి.